వెళ్ళానా, వెళ్ళేవాణ్ణా?

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ టెక్సస్‌లో హైస్కూల్ పిల్లలకి స్పానిష్ చెప్పే టీచర్ని. ఆదివారం పొద్దున్నే, అదీ పిల్లల స్విమ్మింగ్ మానిపించి మరీ ఇంతమంది వచ్చారంటే విషయం స్పానిష్ కాదు, గ్రేడ్లు అని నాకు తెలుసు. దాని దగ్గరికీ వస్తాను. "ఇంటర్మీడియట్ స్పానిష్ గురించి మాట్లాడతారు" అని మన గ్రూపులో పెట్టగానే, ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దాయన "ఎంపీసీలో స్పానిష్ ఎప్పుడు పెట్టారమ్మా?" అని అడిగారట. ఆ ఇంటర్మీడియట్ కాదు బాబాయ్ గారూ, ఇది వేరే.

అమెరికాలో విదేశీ భాషలు చెప్పే టీచర్ల సంఘం ఒకటుంది, ఆక్ట్‌ఫుల్ అంటారు. భాష ఎంత వచ్చు అన్నదానికి వాళ్ళు మెట్లు కట్టారు. మొదటిది నోవిస్, రెండోది ఇంటర్మీడియట్, ఆ పైన అడ్వాన్స్‌డ్, ఇంకా పైన రెండున్నాయి, వాటితో మనకి పని లేదు. నోవిస్ అంటే బట్టీ. రంగులు, అంకెలు, నా పేరు ఫలానా, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చా. ఇంటర్మీడియట్ అంటే ఎవరూ నేర్పని వాక్యాన్ని తనే కట్టుకోవడం, తప్పో ఒప్పో, ఉన్న నాలుగు మాటలతో తన సొంత సంగతి చెప్పుకోవడం. టెక్సస్‌లో స్పానిష్ రెండో ఏడు చివరికి పిల్లలు ఆ గడప తొక్కాలి, మూడో ఏడంతా ఆ గదిలో తిరగాలి. నేను చెప్పేది ఆ రెండు క్లాసులకే.

నా సంగతి రెండు ముక్కలు. నేను స్పానిష్ నేర్చుకున్నది హైదరాబాద్ తార్నాకలో, సీఫెల్‌లో, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషలు నేర్పే కేంద్ర సంస్థలో. 2007లో అది సెంట్రల్ యూనివర్సిటీ అయి ఇఫ్లూ అయింది కానీ మా బ్యాచ్ వాళ్ళకి ఇప్పటికీ సీఫెలే. అక్కడ నేర్చుకున్నది స్పెయిన్ స్పానిష్. ఇక్కడ టీచర్‌గా చేరిన మొదటి వారం, పుస్తకం తీసుకో అని ఒక కుర్రాడితో "కోహె ఎల్ లీబ్రో" అన్నాను. మాడ్రిడ్‌లో అది శుభ్రమైన మాట. మెక్సికోలో ఆ క్రియకున్న అర్థం ఇక్కడ చిన్నపిల్లలున్నారు కాబట్టి చెప్పను. క్లాసులో సగంమంది మెక్సికన్ ఇళ్ళ పిల్లలు, బల్లల మీద పడి నవ్వారు. నాకు అర్థమయ్యేసరికి పీరియడ్ అయిపోయింది. మనకి మాత్రం లేదా ఏంటి, సొరకాయ, ఆనపకాయ, అనిగెపుకాయ అని ఒక కాయకే మూడు పేర్లు పెట్టుకుని కూరగాయల బండి దగ్గర తెల్లమొహం వేసేవాళ్ళం! చిక్కుడు గింజల్ని మెక్సికోలో ఫ్రిహోలెస్ అంటే పోర్టోరికోలో అబిచువేలాస్, వెనిజులాలో కరావోతాస్, చిలీలో పొరోతోస్. అప్పట్నించి నేను క్లాసులో "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అని ముందు అడిగి, తర్వాతే బోర్డు మీద రాస్తాను.

సరే, లెక్కకి వద్దాం. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యాధికారులకి భాషలు నేర్పుతుంది. ఇంగ్లీషు వాళ్ళకి స్పానిష్ తేలిక భాష అని, పని జరిగేంత రావడానికి ఆరొందల నుంచి ఏడొందల యాభై క్లాసు గంటలు పడుతుందని వాళ్ళ లెక్క. (తెలుగుకి 1100 గంటలట, మనమేదో తేలిగ్గా తీసుకుంటాం.) మా స్కూల్లో పీరియడ్ యాభై నిమిషాలు, ఏడాదికి దాదాపు 180 రోజులు, అంటే 150 గంటలు. అందులో ఫైర్ డ్రిల్లు, స్టేట్ టెస్టులు, పెప్ ర్యాలీలు పోను ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి. కాబట్టి రెండేళ్ళయింది, మా వాడు ఇంకా టాకో షాపులో కూడా మాట్లాడడు అంటే అది వాడి తప్పూ కాదు, నా తప్పూ కాదు, గంటల తప్పు. కానీ అదే గంటల్లో కొంతమంది కదులుతారు, కొంతమంది అక్కడే ఉంటారు. ఎందుకు అన్నది నాకు చాలా ఏళ్ళు తెలీలేదు, మన పిల్లాడొకడి వల్ల తెలిసింది.

ఇంటర్మీడియట్‌లో అందరూ బోల్తా పడే చోటు ఒకటుంది. స్పానిష్‌లో భూతకాలం రెండు రకాలు. జరిగి అయిపోయిన పనికి ఒకటి, అప్పట్లో అలా జరుగుతూ ఉండేది అనడానికి ఇంకొకటి. ఇంగ్లీషులో "వెంట్" అంటే రెంటికీ సరిపోతుంది, అందుకని ఇంగ్లీషులో ఆలోచించే పిల్లలకి ఈ తేడా ఎంత చెప్పినా గాల్లో ఉన్నట్టే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో దీనికి సూత్రాల పట్టిక ఉంటుంది, వయసు చెప్తే ఇది, వాతావరణం చెప్తే ఇది, అలవాటు చెప్తే ఇది అని. పిల్లలు ఆ పట్టిక బట్టీ కొట్టి క్విజ్‌లో వందకి తొంభై ఎనిమిది తెచ్చుకుంటారు, మర్నాడు నోరు విప్పితే మళ్ళీ మొదటికే.

ఆ అబ్బాయీ అంతే. చిన్ననాటి సంగతి ఒకటి చెప్పమంటే లేచి నిలబడి "కువాందో ఫుయీ నీఞో, ఫుయీ అ లా కాసా దె మి అబువేలా" అన్నాడు. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంటికి వెళ్ళాను అనుకుంటున్నాడు, రెండుచోట్లా క్రియారూపం తప్పే. పట్టిక చూపించాను. తల ఊపాడు. మళ్ళీ అదే అన్నాడు. బెల్లు కొట్టాక కారిడార్లో నన్ను దాటిపోతుంటే, ఎందుకు తోచిందో, తెలుగులో అడిగాను: "నాన్నా, చిన్నప్పుడు గుంటూరు అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళావా, వెళ్ళేవాడివా?"

"వెళ్ళేవాణ్ణి ఆంటీ, ప్రతి సమ్మరూ," అన్నాడు. స్కూల్లో నేను సెఞోరాని, వాడు ఆంటీ అనేసి నాలిక కరుచుకున్నాడు.

"మరి పోయినేడాది?"

"పోయినేడాది వెళ్ళాను. ఒక్కసారే."

అంతే, వెళ్ళేవాణ్ణి అంటే "ఈబా", వెళ్ళాను అంటే "ఫుయీ". వాడు అక్కడే లాకర్‌కి ఆనుకుని రెండు వాక్యాలూ తప్పు లేకుండా చెప్పాడు. "కువాందో ఎరా నీఞో" అన్నప్పుడు మాత్రం ఇద్దరం నవ్వాం, చిన్నవాడిగా ఉన్నప్పుడు అనడానికి స్పానిష్ మాట అచ్చం మన "ఏరా"లాగే వినిపిస్తుంది, ఇంక ఈ జన్మలో మర్చిపోడు. నేను మూడు వారాలుగా పట్టికలతో చెప్పలేనిది వాడి నోట్లో ఎప్పట్నించో ఉంది. స్పానిష్ క్లాసులోకి వచ్చేటప్పుడు తెలుగుని లాకర్లో పెట్టి తాళం వేసి వస్తున్నాడు, అంతే తేడా.

ఆ సాయంత్రం నుంచి వెతకడం మొదలుపెట్టాను, దొరికినకొద్దీ దొరుకుతున్నాయి. "నాకు మామిడిపండ్లు నచ్చాయి" అంటాం. నచ్చాయి అన్నది నన్ను బట్టి కాదు, పండ్లను బట్టి. ఒక్క పండైతే నచ్చింది. స్పానిష్‌లో అచ్చంగా ఇదే కట్టుబడి: ఒకటైతే "మె గుస్తా ఎల్ మాంగో", ఎక్కువైతే "మె గుస్తాన్ లోస్ మాంగోస్". మె అంటే నాకు. ఇంగ్లీషు నుంచి వచ్చే పిల్లలు "యో గుస్తో" అని నేనుతో మొదలుపెడతారు, ఆ అలవాటు మాన్పించడానికి నాకు సెప్టెంబర్ అంతా పడుతుంది. ఇంకోటి. ఇంట్లో గ్లాసు పగిలిందనుకోండి, మన పిల్లలు ఏమంటారు? "నేను పగలగొట్టలేదు, అదే పగిలిపోయింది." ఇంగ్లీషులో ఎక్కువగా నేరం ఒప్పుకున్నట్టే, నేను పగలగొట్టాను అనే వస్తుంది. స్పానిష్‌వాళ్ళు మనవాళ్ళే, "సె మె రొంపియో" అంటారు, నా విషయంలో అది దానంతటదే పగిలిపోయింది అని. హోమ్‌వర్క్ మర్చిపోతే "సె మె ఓల్విదో". హోమ్‌వర్కే మరపున పడిపోయింది, నా ప్రమేయం ఏమీ లేదు!

ఉండడం, కావడం గొడవ ఇంకో పెద్ద గండం. స్పానిష్‌లో దానికి రెండు క్రియలు, సేర్, ఎస్తార్. మనం "ఆయన డాక్టరు" అంటాం, క్రియే లేదు. "ఆయన ఇంట్లో ఉన్నాడు" అంటాం, అక్కడ క్రియ కావాలి. మొదటిది సేర్, రెండోది ఎస్తార్. చారు చల్లగా ఉంది అంటే ఎస్తార్, ఐసు చల్లగా ఉంటుంది అంటే సేర్. ఉంది, ఉంటుంది. ఇది అన్నిచోట్లా కుదరదు, ముందే చెప్తున్నాను, పార్టీ మా ఇంట్లో ఉంది అన్నప్పుడు మన లెక్క ప్రకారం ఎస్తార్ రావాలి కానీ వాళ్ళు సేర్ అంటారు. ఇలాంటివి ఉన్నాయి. అయినా చీకట్లో తడుముకోవడం కన్నా చేతిలో దీపం ఉండడం నయం కదా.

ఉచ్చారణ సంగతి చెప్పక్కర్లేదు. మా క్లాసులో మిగతావాళ్ళు "టు" అనేచోట మనవాళ్ళు నాలిక పళ్ళకి తగిలించి "తు" అంటారు, అదే కావాలి. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. మనకి చిన్న ర, బండి ఱ రెండూ ఉండేవి, ఇప్పుడు బండి ఱ పుస్తకాల్లోంచి కూడా పోయింది, మెక్సికోలో మాత్రం రోజూ తిరుగుతోంది. ఇక ఆ ఞ అక్షరం, తెలుగు బడిలో "దీంతో పదం ఒక్కటి కూడా లేదు టీచర్" అని మీ పిల్లలు విసుక్కునేది, దాంతోనే సెఞోరా, నీఞో, మఞానా రాసుకోమంటాను.

తెలుగు సాయపడనివీ ఉన్నాయి. బల్ల ఆడది, పుస్తకం మగవాడు, ఇది మన బుర్రకి ఎక్కదు, బట్టీ కొట్టాల్సిందే. చెయ్యి ఓ తో అంతమవుతుంది కదా అని మగవాడనుకుంటే కాదట, "లా మానో", ఆడదే. ఏం చేస్తాం.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. ఆ గుంటూరు అబ్బాయికి అది పని చేసింది ఎందుకంటే వాడు "వెళ్ళేవాణ్ణి" అనగలడు. అదే ప్రశ్న ఇంకో అమ్మాయిని అడిగాను. ప్రశ్న బాగా అర్థమైంది, జవాబు ఇంగ్లీషులో వచ్చింది. మన ఇళ్ళల్లో సగం ఇలాగే నడుస్తున్నాయి కదా, మనం తెలుగులో అడుగుతాం, వాళ్ళు ఇంగ్లీషులో చెప్తారు, అర్థమవుతోందిలే అని మనం ఊరుకుంటాం. కెనడాలో ఫ్రెంచ్ మీడియంలో చదివిన ఇంగ్లీషు ఇళ్ళ పిల్లల్ని చూసి మెరిల్ స్వెయిన్ అనే ఆవిడ 1985లో ఇదే రాసింది. ఏళ్ళ తరబడి ఫ్రెంచ్‌లో పాఠాలు విన్నారు, అర్థం చేసుకోవడంలో ఫ్రెంచ్ పిల్లలకి దాదాపు తీసిపోరు, మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు మాత్రం వెనకబడ్డారు, ఎందుకంటే వాళ్ళని నోరు తెరిచి పూర్తి వాక్యం చెప్పమని గట్టిగా అడిగినవాళ్ళు లేరు. వింటే చాలు, భాష దానంతటదే వస్తుంది అనేవాళ్ళు మా టీచర్లలో చాలామంది ఉన్నారు. వినడం కావాలి, కాదనను. కానీ నా అనుభవం స్వెయిన్ వైపే.

ఇక గ్రేడ్లు. మీ టెన్షన్ నాకు తెలుసండీ. మన టెక్సస్‌లో 1997 నుంచి క్లాసు ర్యాంకుని బట్టి స్టేట్ యూనివర్సిటీల్లో సీటు, పైన పది శాతం అన్నారు, ఆస్టిన్ యూనివర్సిటీలో అది తగ్గుతూ తగ్గుతూ 2026 ఫాల్‌కి అయిదు శాతానికి దిగింది. మామూలు స్పానిష్‌కి ర్యాంకు లెక్కలో అదనపు పాయింట్లు లేవు, హైస్కూల్ పాసవ్వడానికి విదేశీ భాషలో రెండు క్రెడిట్లు ఎలాగూ కావాలి, అందుకని ఎంత తొందరగా వదిలించుకుంటే అంత మంచిది అని మీ లెక్క. దాని బదులు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ తీసుకోవచ్చట కదా అని కూడా అడుగుతారు. తీసుకోవచ్చు, నిబంధన ఉంది, మీ ఇష్టం. కానీ 97 ఎందుకు 94 అయింది అని రాత్రి పదకొండుకి మెయిల్ పెట్టేవాళ్ళకి మాత్రం ఒకటి చెప్పాలి. తప్పంటే భయపడే పిల్లాడు ఇంటర్మీడియట్‌లో ముందుకి కదలడు. తెలిసిన మూడు వాక్యాలే తిప్పి తిప్పి రాస్తాడు, లేదంటే ఫోన్లో ట్రాన్స్‌లేటర్ తెరుస్తాడు. స్పానిష్ రెండో ఏడు పిల్లాడు ఒకడు "నాకు ముందే తెలిసి ఉండుంటే" అనే వాక్యం తెచ్చాడు, ఆ క్రియారూపం నేను వాళ్ళకి చెప్పనే లేదు. చదవమన్నాను, చదవలేకపోయాడు. అర్థం అడిగాను, కిందికి చూశాడు. నేనేమీ అనలేదు, ఆ వారం నుంచి రాతపనంతా క్లాసులోనే, పెన్సిల్‌తో, నా కళ్ళ ముందు. తప్పులు విపరీతంగా పెరిగాయి. చదువుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది.

మూడో ఏడు పిల్లల్ని ఏపీకి, అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షకి, తయారుచేస్తూ ఒక పని చేయిస్తాను. ఆ పరీక్షలో రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి, స్పానిష్ మాట్లాడే ఒక ప్రాంతపు ఆచారాన్నీ తన సమాజపు ఆచారాన్నీ పోలుస్తూ. మన పిల్లలు తన సమాజం అనగానే థాంక్స్‌గివింగ్ టర్కీ అందుకుంటారు, వాళ్ళింట్లో ఎప్పుడూ వండని టర్కీ. ఒకమ్మాయి అలాగే మొదలుపెట్టి ముప్పై అయిదు సెకన్లలో ఆగిపోయింది. బడి ఆగస్టులో మొదలైతే అప్పటికి అక్టోబర్ వచ్చింది, వాళ్ళ గరాజ్‌లో బతుకమ్మ పేర్చారని నాకు తెలుసు. అది చెప్పమన్నాను. "దానికి స్పానిష్‌లో మాట లేదు కదా" అంది. మాట లేకపోతేనే కదా ఇంటర్మీడియట్, ఉన్న మాటలతో చుట్టూ తిరిగి చెప్పు అన్నాను. పళ్ళెం, పువ్వులు, గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, ఆడవాళ్ళు, చప్పట్లు, నీళ్ళలో వదలడం, అన్నీ దానికి వచ్చిన మాటలే. బంతిపూల దగ్గర ఆగింది. వెనక నుంచి మెక్సికన్ అమ్మాయి "సెంపసూచిల్!" అని అందించింది. నవంబర్ మొదట్లో చనిపోయినవాళ్ళ పండక్కి వాళ్ళు గుమ్మం నుంచి పీఠం దాకా పరిచేది ఆ బంతిపూలే. అసలు బంతి మెక్సికో నేల పువ్వు, సముద్రాలు దాటి మన దాకా వచ్చింది. మా అమ్మ బతుకమ్మలో తంగేడు, గునుగు మధ్య బంతి పెట్టేటప్పుడు అది పరాయి ఊరిదని ఎప్పుడైనా అనుకుందా! ఆ అమ్మాయి రెండు నిమిషాల నలభై సెకన్లు మాట్లాడింది, టైమర్ మోగినా ఆగలేదు. క్రియల్లో పదకొండు తప్పులు, లెక్కపెట్టాను. "మా నానమ్మ పాడేది" అన్నచోట మాత్రం "కంతాబా" అని సరిగ్గా పడింది.

ఇంట్లో ఏం చెయ్యమంటారు అంటే, ట్యూషన్ పెట్టమని చెప్పను. రాత్రి అన్నాల దగ్గర ఒక చిన్న సంగతి తెలుగులో చెప్పించండి, పూర్తి వాక్యాల్లో, "ఆ తర్వాత ఏమైంది" అంటూ లాగండి. మధ్యలో ఇంగ్లీషు మాట వస్తే రానివ్వండి, క్రియ మాత్రం తెలుగులో పడాలి. అదే సంగతి నాకు మర్నాడు స్పానిష్‌లో కావాలి.

ప్రశ్నలు అడగండి. వెనకాల ఉప్మా వచ్చేసినట్టుంది, వాసన తగుల్తోంది, కాబట్టి త్వరగా. తెలుగులో అడిగినా, స్పానిష్‌లో అడిగినా వెంటనే చెప్తాను. ఆ చివర చెయ్యెత్తిన బాబు ఇంగ్లీషులో అడిగేలా ఉన్నాడు, వాడికి ఉప్మా తర్వాత.