మబ్బులో రంగు: నీటిబొట్టా, మంచు పలుకా?

అందరికీ నమస్కారం. మబ్బులో రంగు కనబడగానే ఇంద్రధనుస్సు అనేస్తాం. ఇంద్రధనుస్సు సూర్యుడికి ఎదురు దిక్కున వచ్చేది. సూర్యుడున్న వైపే మబ్బుకు రంగులొస్తే ముందు తేల్చుకోవలసింది, అందులో ఉన్నవి నీటిబొట్లా, మంచు పలుకులా అని.

ఎండాకాలం సాయంత్రం ఉరుముల మబ్బు పైకి పొంగేటప్పుడు దాని నెత్తిన పల్చటి టోపీలాంటి పొర కడుతుంది. అప్పుడే పుట్టిన పొర కాబట్టి బొట్లన్నీ ఇంచుమించు ఒకే సైజు, మిల్లీమీటరులో నూరో వంతు. అంత చిన్న బొట్టు అంచు దగ్గర వెలుగు వంగి చెదురుతుంది. దీన్నే వివర్తనం అంటారు. ఎరుపు ఎక్కువ వంగుతుంది, నీలం తక్కువ. బొట్టు చిన్నదయ్యేకొద్దీ రంగు సూర్యుడికి దూరం జరుగుతుంది. మబ్బు అంచున బొట్లు ఆవిరై చిన్నవవుతుంటాయి కదా, అందుకే గులాబీ, లేతాకుపచ్చ చారలు ఆ అంచు వెంటే వంకర్లు తిరుగుతాయి. రకరకాల సైజులు కలిస్తే ఒకదాని ఎరుపు మీద ఇంకోదాని నీలం పడి తెల్లబారుతుంది. మబ్బు మందమైనా రంగు పోతుంది. కార్తీకంలో పట్టే ముసురులో వెతికి లాభం లేదు.

మంచు పలుకులు ఎత్తైన ఈకమబ్బుల్లో ఉంటాయి. ఆరు పలకల బిళ్లలు, బల్లపరుపుగా తేలుతూ దిగుతాయి. వెలుగు నిలువు పక్క నుంచి దూరి అడుగు నుంచి బయటపడితే, సూర్యుడికి బాగా కింద, దిగంతానికి సమాంతరంగా రంగుల పట్టీ పరుచుకుంటుంది. పైన ఎరుపు, కింద ఊదా. దీనికి సూర్యుడు దిగంతం నుంచి 58 డిగ్రీల ఎత్తు దాటాలి. మీటరు కర్ర నిలబెట్టండి, నీడ 62 సెంటీమీటర్ల లోపుంటే దాటినట్టే. నెల్లూరులో నవంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా మధ్యాహ్నం కూడా దాటడు. మిగతా ఏడాదంతా మనకు అవకాశమే, ఉత్తర ఐరోపా వాళ్లకు ఈ భాగ్యం లేదు. నీడ 40 సెంటీమీటర్లున్నప్పుడు పట్టీ బాగా మెరుస్తుంది. మే, జూన్‌లలో అది పదకొండుకు కాస్త ముందు, అంటే తూర్పున సముద్రం వైపు, దిగంతం మీద చాచిన చేతి జానెడు ఎత్తులో.

సూర్యుడి చుట్టూ కట్టే వలయం, వరదగుడి కూడా మంచుదే. సూర్యుడి నుంచి జానెడు దూరం, ఎరుపు లోపలి అంచున. నీటిబొట్ల వలయం చిన్నది, ఎరుపు బయటి అంచున.

చూసేటప్పుడు సూర్యుణ్ని గోడ చాటునో కొబ్బరిచెట్టు చాటునో ఉంచుకోండి, నేరుగా చూస్తే కంటి తెర కాలిపోతుంది. ఫోన్‌లో రంగు తెల్లగా వస్తే మబ్బు మీద నొక్కి బ్రైట్‌నెస్ కిందికి లాగండి.