బూటు వెడల్పు కూడా అడగండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలచుకోవడం మర్యాద. ఎండ ముదరకముందే ముగించాలి కాబట్టి అందరికీ కలిపి ఒకే దండం పెడుతున్నాను.

నడక వల్ల కలిగే లాభాలు చెప్పమని పిలిచారు. రోజూ తెల్లవారకముందే పార్కుకు వచ్చే మీకు అవి నేను చెప్పనక్కరలేదు. మీ కాళ్లకున్న బూట్ల గురించి చెబుతాను. నర్సుగా పనిచేసినంత కాలం షుగరు రోగుల కాలిపుళ్లకు కట్లు కట్టాను. వాటిలో చాలావాటికి మూలం ఇరుకు బూటే.

దుకాణంలో "సైజెంత?" అని అడుగుతారు. మనం ఎనిమిదో తొమ్మిదో చెబుతాం. అది పొడవు మాత్రమే. వెడల్పు సంగతి వాళ్లు అడగరు, మనమూ అడగం. అమెరికాలో చార్లెస్ బ్రానాక్ అనే ఆయన 1920లలోనే పాదం పొడవు, వెడల్పు రెండూ కొలిచే పరికరం తయారుచేశాడు. అక్కడ మగవాళ్ల బూట్లలో మామూలు వెడల్పుకు డి, వెడల్పాటి పాదానికి 2ఇ, ఇంకా వెడల్పయితే 4ఇ అని గుర్తులుంటాయి.

మన పాదాల సంగతి చూడండి. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ దేశమంతటా లక్షమందికి పైగా పాదాలను స్కాన్ చేయించి, మనవి పాశ్చాత్యుల పాదాలకంటే వెడల్పని తేల్చింది. 'భా' అనే భారతీయ కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. అది అన్ని దుకాణాలకూ ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నాను. ఈలోగా బిగుతుగా ఉందంటే, "వేసుకుంటుంటే అదే సాగుతుందండీ" అని అంటగడుతున్నారు. దయచేసి ఆ మాట నమ్మకండి. అది సాగేలోపల మీ చర్మం లేచిపోతుంది.

ఒక మాస్టారి సంగతి చెప్పాలి. అమెరికాలో ఉన్న కొడుకు ఫోనులో సైజు అడిగితే తొమ్మిదన్నారు. అబ్బాయి అక్కడి తొమ్మిది పంపాడు. అక్కడి తొమ్మిదంటే ఇక్కడి ఎనిమిది. పైగా డి వెడల్పు. పొడవూ చాలలేదు, వెడల్పూ చాలలేదు. అయినా ఆయన రోజూ అవే తొడుక్కుని నడిచారు. నొప్పి తెలియలేదా అని అడిగాను. "బిగుతుగా ఉంటేనే బూటు వేసుకున్నట్టు తెలుస్తోందమ్మా" అన్నారు. షుగరు వల్ల కాలి నరాలు మొద్దుబారితే జరిగేది అదే. స్పర్శ తగ్గినకొద్దీ ఇంకా బిగుతైన బూటే హాయి అనిపిస్తుంది. మేజోడుకు నెత్తురంటడం వాళ్లావిడ చూసేదాకా ఆయనకు పుండు ఉన్నట్టే తెలియదు. మా దగ్గరికి వచ్చేసరికి చిటికెనవేలు నల్లబడింది. తీసేశారు. "అబ్బాయికి మాత్రం చెప్పవద్దమ్మా, ఎంతో ఇష్టంగా పంపాడు" అన్నారు.

అయ్యా, మీ పిల్లలూ పంపుతారు. నంబరు చెప్పకండి. పాదం పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో చెప్పండి. సాయంత్రం కొలవండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నిలబడి కొలవాలి, కూర్చుని కాదు. రెండు పాదాలూ సమానంగా ఉండవు కాబట్టి పెద్దదాని కొలతకే కొనాలి. అన్నిటికంటే పొడవైన కాలివేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి ఆ పొడవైన వేలు రెండోది. వెడల్పు కోసమని పొడవు ఎక్కువున్న బూటు కొంటే మడమ జారుతుంది, బూటు వంగేచోటు పాదం వంగేచోటుతో కలవదు. అమ్మలూ, ఆడవాళ్ల బూట్లు సాధారణంగా ఇంకా ఇరుకు. మగవాళ్ల బూటు సరిపోతే మొహమాటం లేకుండా అదే కొనుక్కోండి.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ చదవను. ఇప్పుడే అందరూ కుడికాలి బూటు విప్పండి. లోపలి అట్ట బయటికి తీసి నేలమీద పెట్టి, దానిమీద నిలబడండి. పాదం అంచు అట్ట దాటి బయటికి వచ్చినవాళ్లు చేయెత్తండి. షుగరున్నవాళ్లు ముందుగా నా దగ్గరికి రండి, మీ వేళ్ల సందులు చూస్తాను.