ఎర్రర్ వచ్చినా ‘అంతా ఓకే’ అనే పీఎస్‌క్యూఎల్

స్క్రీన్ మీద ఉన్న ఈ ఫైల్ చూడండి. మూడే కమాండ్లు. ముందు కస్టమర్ల కోసం ఒక కొత్త టేబుల్ క్రియేట్ చేస్తుంది. తర్వాత పాత టేబుల్లోని డేటాని అందులోకి ఇన్సర్ట్ చేస్తుంది. ఆఖరున పాత టేబుల్‌ని డ్రాప్ చేస్తుంది. రెండో కమాండ్‌లో ఒక కాలమ్ పేరు కావాలనే తప్పు రాశాను. టెస్ట్ డేటాబేసే లెండి, కంగారు పడకండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి కమాండ్లు పంపే టూల్ పీఎస్‌క్యూఎల్. దానికి హైఫన్ ఎఫ్‌తో ఈ ఫైల్ ఇస్తున్నా.

చూశారా? క్రియేట్ టేబుల్ అంది. తర్వాత ఆ కాలమ్ లేదని ఎర్రర్. దాని కిందే, ఏమీ జరగనట్టు, డ్రాప్ టేబుల్! కొత్త టేబుల్ ఖాళీ, పాతది మాయం. ఇప్పుడు ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు షెల్‌కి ఇచ్చే అంకె, ఎంతో అడుగుదాం. 0. షెల్ లెక్కలో అంటే అంతా సవ్యంగా జరిగిందని. ఇదే రాత్రిపూట, టైముకి పనులు తనంతట నడిపే క్రాన్‌లోనో, కొత్త కోడ్‌ని ఆటోమేటిగ్గా సర్వర్‌కి చేర్చే డిప్లాయ్ పైప్‌లైన్‌లోనో నడిచి ఉంటే పచ్చ టిక్కు పడి ఊరుకునేది.

ఇది బగ్ కాదు. పోస్ట్‌గ్రెస్ వాళ్ల ఈ టూల్ మామూలుగా కీబోర్డు ముందు ఒక మనిషి ఉన్నాడనే లెక్కలో నడుస్తుంది. ఒక కమాండ్ తప్పితే ఆ మనిషి చూసి సరిదిద్దుకుంటాడు, మిగతావాటిని ఆపడమెందుకు? ఆటోకమిట్ కూడా ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి సక్సెస్ అయిన ప్రతి కమాండూ అప్పటికప్పుడే ఖాయమైపోతుంది. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ క్లయింట్ దీనికి తిరగేసి: ఫైల్ ఇస్తే మొదటి ఎర్రర్ దగ్గరే ఆగుతుంది, ఆగొద్దంటే ఫోర్స్ ఆప్షన్ ఇవ్వాలి. అక్కణ్ణుంచి ఇటు వచ్చినవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటారు.

దీనికి మందు ఆన్ ఎర్రర్ స్టాప్ అనే వేరియబుల్. కమాండ్ లైన్‌లో హైఫన్ వీ పెట్టి దీనికి 1 ఇస్తే ఎర్రర్ దగ్గరే ఆగి, ఎగ్జిట్ కోడ్ 3 ఇస్తుంది. అప్పుడు పైప్‌లైన్ కూడా ఆగుతుంది. పేరు మాత్రం పూర్తిగా క్యాపిటల్ అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్లతో రాయాలి. చిన్నక్షరాల్లో రాస్తే పీఎస్‌క్యూఎల్ కిమ్మనకుండా ఇంకో వేరియబుల్ తయారు చేసుకుంటుంది. సేఫ్టీ ఉందని మనం నిశ్చింతగా ఉంటాం, అక్కడ ఏమీ ఉండదు.

సరే, ఆగింది. కానీ మొదటి కమాండ్ చేసిన ఖాళీ టేబుల్ అలాగే ఉండిపోయింది కదా? తప్పు దిద్ది మళ్లీ నడిపితే ‘ఈ టేబుల్ ఇప్పటికే ఉంది’ అంటుంది. అందుకే హైఫన్ 1, అంటే సింగిల్ ట్రాన్సాక్షన్, కూడా కలపాలి. ట్రాన్సాక్షన్ అంటే కమాండ్లన్నీ ఒకే మూట: జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు. ముందు బిగిన్, చివర కమిట్ తనే పెడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో క్రియేట్, డ్రాప్ టేబుల్ లాంటివి కూడా ట్రాన్సాక్షన్‌లోకి వస్తాయి కాబట్టి టేబుల్ సహా అన్నీ వెనక్కి పోతాయి. హైఫన్ 1 ఒక్కటే పెడితే? డేటా భద్రమే. కానీ మిగిలిన ప్రతి కమాండుకీ ‘ట్రాన్సాక్షన్ అబార్ట్ అయింది’ అని గొణిగి, చివరికి మళ్లీ ఎగ్జిట్ కోడ్ 0 ఇస్తుంది. రెండూ జంటగానే ఉండాలి. ఫైల్ లోపల మీరే బిగిన్, కమిట్ రాసుకుని ఉంటే మాత్రం హైఫన్ 1 మీద ఆశ పెట్టుకోకండి.

ఇంకోటి, హైఫన్ పెద్ద ఎక్స్. పీఎస్‌క్యూఎల్ మొదలవగానే చదివే సెట్టింగుల ఫైల్, మీ హోమ్ ఫోల్డర్‌లోని పీఎస్‌క్యూఎల్ఆర్‌సీని చదవొద్దని దీనర్థం. కొందరు భద్రత కోసమని ఆ ఫైల్లో ఆటోకమిట్ ఆఫ్ చేసి పెట్టుకుంటారు. అదే యూజర్‌తో కమిట్ లేని స్క్రిప్ట్ నడిపితే అన్నీ సక్సెస్ అయినట్టే కనిపించి, బయటికి రాగానే మొత్తం రోల్‌బ్యాక్ అయిపోతుంది, అంటే చేసిందంతా వెనక్కి పోతుంది. చేత్తో పని చేసేటప్పుడు కూడా నాకు ఆ సెట్టింగ్ నచ్చదు. వట్టి సెలెక్ట్ కొట్టినా ట్రాన్సాక్షన్ తెరుచుకుంటుంది, కమిట్ మరిచి టీకి వెళ్తే అది అలాగే వేలాడుతూ ఉంటుంది. దాని బదులు అవసరమైనప్పుడు బిగిన్ నేనే టైప్ చేస్తా. ప్రాంప్ట్‌లో నక్షత్రం గుర్తు కనిపిస్తే ట్రాన్సాక్షన్ లోపల ఉన్నట్టు, ఆశ్చర్యార్థకం కనిపిస్తే అది చెడిపోయినట్టు.

వాక్యూమ్, క్రియేట్ డేటాబేస్, క్రియేట్ ఇండెక్స్ కాన్‌కరెంట్లీ అనే కమాండ్లు మాత్రం ట్రాన్సాక్షన్ లోపల నడవవు. వాటిని వేరే ఫైల్లో పెట్టి, హైఫన్ 1 తీసేసి, ఆన్ ఎర్రర్ స్టాప్ ఉంచి నడపండి.