ఢాకాకి జనం వచ్చారు, డబ్బూ వచ్చింది. మరి వాటా?

యాంకర్: నమస్కారం. ఐక్యరాజ్యసమితి 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో అతి పెద్ద నగరం జకార్తా, సుమారు 4.2 కోట్ల జనం. తర్వాత ఢాకా, దాదాపు 3.7 కోట్లు. టోక్యో 3.3 కోట్లతో మూడో స్థానానికి దిగింది. ప్రొఫెసర్ గారూ, జకార్తా ఇంతలా ఎప్పుడు పెరిగిందండీ?

ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్: లెక్క మారిందండీ. ఇదివరకు నగరం హద్దు ఎక్కడిదాకానో ఏ దేశానికి ఆ దేశం చెప్పేది. ఈసారి అందరికీ ఒకే కొలత పెట్టి, ఆనుకుని ఉన్న ఊళ్లన్నీ కలిపారు. అందుకే ర్యాంకులు వదిలేసి ఢాకా సంగతి మాట్లాడదాం. 2050 నాటికి మొదటి స్థానం దానిదే అని అంచనా.

యాంకర్: టోక్యో కూడా ఇలాగే కిక్కిరిసి, ఆ తర్వాతేగా సంపన్నమైంది?

ప్రొఫెసర్: టోక్యోకి 1950లు, 60లలో జనాన్ని పిలిచింది ఫ్యాక్టరీలు. ఢాకాకి పని కోసం వచ్చినవాళ్లూ ఉన్నారు, నది తరిమితే వచ్చినవాళ్లూ ఉన్నారు. పద్మ, జమున, మేఘన ఏటా గట్లు కోసేస్తుంటాయి. పొలం, ఇల్లు రెండూ పోయినవాళ్లు లాంచీ ఎక్కి ఢాకా రేవు సదర్‌ఘాట్‌లో దిగుతారు.

పట్టణ ప్రణాళిక నిపుణురాలు: అలా దిగినవాళ్లని చాలామంది భారం అంటారు, అది నాకు బాధగా ఉంటుంది సార్. బంగ్లాదేశ్ ఎగుమతుల్లో 80 శాతానికి పైగా రెడీమేడ్ దుస్తులే. ఇలా వచ్చి వాటిని కుట్టేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. 2013లో దుస్తుల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయాక గానీ ఫ్యాక్టరీ భవనాల తనిఖీలు గట్టిగా మొదలవలేదు. 2023 చివర్లో పెంచాక కూడా ఆ కార్మికుల కనీస వేతనం నెలకి 12,500 టాకాలే.

యాంకర్: సంపద ఉంది, వాళ్లదాకా రావట్లేదంటారు.

నిపుణురాలు: కొరాయిల్ బస్తీ చూడండి. చెరువుకి అటు గుల్షన్, డబ్బున్నవాళ్ల పేట. ఇటు రేకుల ఇళ్లు. పట్టా లేదని ఢాకా బస్తీలకి ఏళ్ల తరబడి సర్కారు నీటి కనెక్షన్ ఇవ్వలేదు. బయట అమ్మేవాళ్ల దగ్గర ఎక్కువ ధర పెట్టి కొనుక్కున్నారు. 1990లలో దుస్థ స్వాస్థ్య కేంద్ర అనే స్వచ్ఛంద సంస్థ పూచీ ఉండి కొన్ని బస్తీలకి కనెక్షన్లు ఇప్పించింది. జనం బిల్లులు కట్టారు! పేదలు కట్టరన్న మాట తప్పని అక్కడే తేలిపోయింది.

ప్రొఫెసర్: ఒప్పుకుంటాను. కానీ కుళాయిలు ఎన్ని పెట్టినా, అన్నీ ఢాకాలోనే ఉంటే రద్దీ ఆగదు. ఖుల్నా, చిట్టగాంగ్ లాంటి వేరే నగరాల్లో పని పుట్టాలి. 2022లో పద్మా వంతెన తెరిచారు కదా, ఆ దారిన పెట్టుబడి ఖుల్నా వైపు వెళ్లాలి.

నిపుణురాలు: వెళ్లాలి సార్. ఈలోగా బుల్డోజర్లు పంపకూడదు. 2012లో కొరాయిల్‌లో ఇళ్లు కూల్చారు. జనం మళ్లీ అక్కడే కట్టుకున్నారు. వాళ్ల పని గుల్షన్‌లో ఉంటే ఇంకెక్కడికి పోతారు?