కుర్చీలు, పర్దాలు, ఇంక అసలు ముచ్చట

నరేష్: నమస్తే నల్లగొండ, నమస్తే పాలమూరు! చెవులు వినబడని అమ్మానాన్నలకు పిల్లల పెంపకం క్లాసులు ఎట్ల పెట్టాలె, ఇయ్యాల ముచ్చట గదే. అక్కా, ముందుగాల కుర్చీల సంగతి...

సరిత: అప్పుడే నీ టెంట్ హౌస్ దుకాణం తెరిచినవా?

నరేష్: సరే, బోర్డు మీద తెలుగుల రాస్తే సాలదా?

సరిత: సాలదు. పుట్టుకతోని వినబడనోళ్లల్ల మస్తు మందికి సైగలే సొంత భాష. తెలుగు బడిల నేర్సుకున్నది. నీకు డాక్టరమ్మ ఇంగ్లీషుల రాసిస్తే ఎంత సమజైతది?

నరేష్: అయితే ఆ తల్లి అత్తను పక్కకు కూసోబెట్టుకుంటది. ఇంట్ల సైగలు ఉంటయి గదా.

సరిత: గదే వద్దంటున్న! డాక్టరమ్మ పది నిమిషాలు చెప్తది. అత్త చెయ్యి ఊపి 'పాలియ్యి, పండబెట్టు' అంటది, అయిపాయె. కాన్పైనంక మనసు కుంగుతదని చెప్పిన ముచ్చట ఎటుపాయె? ఆ బాధ అత్త తోనే ఉంటే, అత్త ముంగట ఎట్ల చెప్పుకుంటది?

నరేష్: పెద్దమనిషి మీద అనుమానమా? మా అవ్వ...

సరిత: మీ అవ్వను తేకు. కొన్నిండ్లల్ల ఏడెనిమిదేండ్ల పోరడే నడుమ మాట్లాడుతడు. అమ్మ రోగం పోరని నోట చెప్పిస్తరా?

నరేష్: ...మా గల్లీల ఒక పోరి గట్లనే. బ్యాంకుకు, దవాఖానకు, అమ్మ ఎంబడి అదే.

సరిత: మరి?

నరేష్: ఏం లేదు. కుర్చీలు చెప్పనా?

సరిత: చెప్పు తమ్మీ.

నరేష్: లైన్లు వద్దు, సగం గుండ్రంగ వెయ్యాలె, ఒకరి చేతులు ఒకరికి కనబడాలె. మాటలను సైగలల్ల చెప్పే ఇంటర్‌ప్రెటర్ కిటికీకి వీపు పెడితే మొహం నల్లగ కనబడ్తది. వెనక పూల పర్దా వద్దు, సాదాది. నా కాడ నీలం పర్దాలు...

సరిత: యాడ్ షురూ! కని మాట నిజమే. ఇంకోటి, బొమ్మకు తానం పోసి చూపెడుతున్నరనుకో. కండ్లు బొమ్మ మీద ఉండాల్నా, సైగల మీదనా? ముందుగాల చెప్పాలె, ఆగాలె, తర్వాత చేసి చూపియ్యాలె. గంట క్లాసు గంటన్నర పడుతది. పడనియ్యి.

నరేష్: రాత్రి బిడ్డ ఏడిస్తే?

సరిత: సప్పుడైతే వెలిగే లైట్లు, దిండు కింద వణికే మిషన్లు ఉన్నయి. సైగల ఇంట్ల బిడ్డ చేతులతోని గూడ ఉంగా ఉంగా అంటది, ఎరికేనా?

నరేష్: నిజమా? అబ్బ! మరి ఇంటర్‌ప్రెటర్ పైసలెవలిస్తరు?

సరిత: 2016 వికలాంగుల హక్కుల చట్టం, 10వ సెక్షన్ చూడు. పిల్లల్ని కనుడు, కుటుంబ నియంత్రణ, వీటి సమాచారం అందేటట్టు సర్కారే చూడాలె. పైసల మాట అండ్ల లేదు, అడుగుడు మన పని. ఇక్కడ మనిషి దొరకకపోతే వీడియో కాల్‌ల పెట్టొచ్చు.

నరేష్: వీడియో కాలా? దేవరకొండ రోడ్డుల సిగ్నల్...

సరిత: దేవరకొండ రోడ్డు ముచ్చట వద్దు.

నరేష్: ఒక్క నిమిషమే అక్కా, ఆ పెండ్లి నాడు...

సరిత: బంద్ చేస్తున్న.