ఖతర్‌ల ఆగిన జీతం ఎట్ల అడగాలె

అందరికీ దండాలు. మనం ఏ దేశం పోయినా దుబాయ్ పోయినమనే అంటం. నేను పోయింది ఖతర్. చట్టం దేశానికొకటి ఉంటది కాబట్టి, ఇయ్యాల చెప్పేది ఖతర్ ముచ్చటే.

దోహాల షట్టరింగ్ పని చేసిన. 2020ల కరోనాకు పని బందయింది. అప్పటికే మూడు నెలల జీతం బాకీ. ఒకరోజు క్యాంపు గేటు కాడ టేబుల్ వేసి, ఒక్కొక్కరిని పిలిచిన్రు. టికెట్ చేతిల పెట్టి, అరబ్బీ కాగితం మీద వేలు పెట్టి చూపిచ్చి సంతకం చెయ్యమన్నరు. పెన్ను టేబుల్‌కు దారంతో కట్టి ఉన్నది. "పైసలు అకౌంట్ల వేస్తం, నువ్వు పో" అన్నడు ముదీర్, అంటే మేనేజరు. చేసిన. నాకు రావాల్సిందంతా ముట్టిందని ఆ కాగితంల రాసి ఉన్నదట. ఇంటికొచ్చినంక తెలిసింది.

నా రూంల నిర్మల్ తమ్ముడు ఒకడు సంతకం పెట్టలే. సేటు దుకాణంల ఇచ్చిన చిన్న క్యాలెండర్ల రోజూ డ్యూటీ గంటలు, ఓటీ పెన్సిల్‌తోటి రాసుకునేటోడు. మేం నవ్వేటోళ్లం. వానికి ఆ క్యాలెండరే సాక్ష్యమైంది. పతాకా (ఖతర్ గుర్తింపు కార్డు), ఒప్పందం, బ్యాంకు మెసేజులు దానికి జోడించిండు.

జీతం తారీకు దాటినంక ఏడు రోజుల్ల బ్యాంకుల పడాలె. పడకపోతే కార్మిక శాఖకు ఫిర్యాదు పెట్టాలె. పతాకా నంబరు, దాని మీదున్న ఫోన్ నంబరు ఉంటే ఆన్‌లైన్ల పెట్టొచ్చు. శాఖ కంపెనీని పిలిచి రాజీకి చూస్తది. ఏడు రోజుల్ల తెగకపోతే కేసు కార్మిక వివాదాల కమిటీకి పోతది. 2017 చట్టంతో వచ్చిన కమిటీ అది, జడ్జి నడిపిస్తడు. మొదటి వాయిదా నుంచి మూడు వారాల్ల తీర్పు ఇయ్యాలని చట్టం. తమ్మునికి నెలలు పట్టింది. ఆ నెలలు తిండికి ఎట్ల అన్నది ముందే చూసుకోవాలె. కూలీ వేసే కేసుకు కోర్టు ఫీజు లేదు. కంపెనీ దివాలా తీసి తీర్పు పైసలు కట్టలేకపోతే, 2018 చట్టంతో పెట్టిన కార్మికుల సహాయ నిధి నుంచి అడగొచ్చు.

ఫిర్యాదు పెట్టినోని మీద, "వీడు పని ఇడిసి పారిపోయిండు" అని కంపెనీ కేసు పెట్టే ప్రమాదం ఉంది. అందుకే ఫిర్యాదు నంబరు ఫోటో తీసి ఇంటికి పంపుండ్రి, మన ఎంబసీల కూడా చెప్పుండ్రి.

ఇగ గడువు. ఒప్పందం ముగిసిన నాటి నుంచి ఒక్క ఏడాది, అంతే. నేను ఇయ్యాల వేస్తరు రేపు వేస్తరు అనుకుంట కూసున్న. నాట్లయినయ్, కోతలైనయ్, మళ్ల నాట్లొచ్చినయ్. నా హక్కు అట్ల పోయింది. నన్ను ఇప్పటికీ కలుక్కుమనిపించేది అదే.

తిరిగి రాక తప్పకపోతే, రాకముందే నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన తరఫున కేసు నడిపే అధికారం కాగితం, రాసిచ్చి రావాలె. వచ్చేసినోళ్లు మన విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్ల ఫిర్యాదు పెట్టుండ్రి, ఏడాది దాటకముందే.

అక్కలారా, ఇంటాయన అక్కడుంటే మీరు ఆ ఒప్పందం కాగితం ఫోటో తెప్పిచ్చి పెట్టుకోండ్రి.

ఈ సంచిల చిన్న క్యాలెండర్లు తెచ్చిన, పెన్సిల్ కూడా ఉన్నది. వచ్చే నెల విమానమెక్కేటోళ్లు ముందలికి రాండ్రి.