డాండెనాంగ్‌లో ఏం తినాలి, ఎప్పుడు వెళ్లాలి?

నమస్కారం. మెల్‌బోర్న్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న డాండెనాంగ్ గురించి ఈ వీడియోలో చెప్పుకుందాం. 1950లలో ఇక్కడ ఆహార పదార్థాలు తయారుచేసే హైంజ్, కార్లు తయారుచేసే జనరల్ మోటార్స్-హోల్డెన్ వంటి పెద్ద కర్మాగారాలు వెలిశాయి. వాటిలో పనికోసం ఐరోపా నుంచి ఎందరో వచ్చి స్థిరపడ్డారు. తరువాతి దశాబ్దాలలో వియత్నాం, కంబోడియా, శ్రీలంక, భారత్, అఫ్ఘానిస్థాన్ దేశాల వారు తోడయ్యారు. ఇక్కడి హోటళ్లు ఈనాటికీ ముందుగా ఆ కుటుంబాల కోసమే వండుతాయి, నాకు ఈ ఊరంటే అంత ఇష్టం కలగడానికి అదే కారణం.

ముందుగా థామస్ వీధిలోని అఫ్ఘాన్ బజారు సంగతి చెబుతాను. అక్కడ బొలానీ తప్పక తినాలి. పల్చగా వత్తిన పిండిలో ఉడికించిన బంగాళాదుంప, ఉల్లికాడల వంటి ఆకుకూర పరిచి, మన కజ్జికాయలా సగానికి మడిచి, పెనం మీద నూనెతో రెండు వైపులా ఎర్రగా కాలుస్తారు. అంచు కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉన్నప్పుడే పెరుగులో అద్దుకుని తినాలి, చల్లారితే సాగుతుంది. కాబూలీ పలావులో మాంసాన్ని అన్నం అడుగున దాచి, పైన సన్నగా తరిగిన క్యారెట్, ఎండుద్రాక్ష వేస్తారు. కారం దాదాపు ఉండదు కనుక బిర్యానీని మనసులో పెట్టుకుని వెళితే నిరాశపడతారు, మాంసపు రసం పీల్చుకున్న ఆ మెతుకుల కోసం వెళితే మాత్రం తృప్తిగా లేస్తారు.

1866లో మొదలైన డాండెనాంగ్ మార్కెట్ మంగళ, శుక్ర, శని, ఆదివారాలలో తెరిచి ఉంటుంది. ఒకే బల్ల దగ్గర ఒకావిడ బెండకాయ కొన విరిచి లేతదో కాదో చూస్తుంటే, పక్కనే మరో కుటుంబం తమ భాషలో మాట్లాడుకుంటూ కొత్తిమీర కట్టలు ఏరుకుంటుంది. ఊరి మనుషులను చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం.

స్టేషన్‌కు దగ్గరలో ఫాస్టర్ వీధిలో లిటిల్ ఇండియా ఉంది. చీరలకు, కిరాణా సరుకులకు అది బాగుంటుంది కానీ, మన భోజనం కోసమే అంత దూరం రానక్కరలేదు.

మెల్‌బోర్న్ నుంచి పాకెన్‌హామ్ లేదా క్రాన్‌బోర్న్ వెళ్లే రైలు ఎక్కి, శనివారం ఉదయాన్నే డాండెనాంగ్‌లో దిగండి. మార్కెట్ చూసుకుని, ఆకలి వేసే వేళకు థామస్ వీధికి నడవండి.